ముప్పై రోజుల గడువు

మా సంస్థలో శాస్త్రవేత్తలు పై అంతస్తుల్లో ఉంటారు, మేము కింద ఉంటాం. గాజుసామాను కడిగేవాళ్ళు, ఆవిరి యంత్రం నడిపేవాళ్ళు, సరుకులు తెప్పించేవాళ్ళు, ఉత్తరాలు పంపేవాళ్ళు, వాళ్ళతోపాటు నేను. రోగాల గుట్టు కనిపెట్టారని పేపర్లో ఫొటో పడితే పైవాళ్ళది పడుతుంది. ఏదైనా పాడైతే మాత్రం ముందు కిందికే ఫోన్ వస్తుంది. ఇది నేను కొత్తగా చెప్పే బాధ కాదు, ఏ సంస్థలోనైనా కింది గదుల్లో పనిచేసేవాళ్ళని అడగండి, ఇదే చెప్తారు.

నాది నమూనాల గది. జబ్బు మనుషుల దగ్గర తీసిన రక్తం, కండముక్క, ఎముకలో గుజ్జు, అన్నీ చిటికెనవేలంత గొట్టాల్లో పోసి, సున్నాకి ఎనభై డిగ్రీల కిందున్న చలిలో దాస్తాం. ముప్పై ఆరు ఫ్రీజర్లు, ఒక్కొక్కటి బీరువా అంత. పై అంతస్తు కుర్రాళ్ళు నన్ను ఐసు పిన్ని అంటారు. పేరు బాగానే కుదిరింది, చెయ్యీ చల్లనే, మాటా చల్లనే అని నా వెనకాల నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ. ఫలానా గొట్టం ఎక్కడుందంటే కంప్యూటరు తెరిచేలోపు నేను తెచ్చి చేతిలో పెట్టేదాన్ని. ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి పోగొట్టలేదు. ఆ గర్వం నాకుండేది, ఉండేదని ఒప్పుకోడానికి సిగ్గు కూడా లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది.

మా దగ్గర ఒక నియమం ఉంది. నమూనా ఇచ్చిన మనిషి ఎప్పుడైనా వచ్చి, నాది మీ దగ్గర ఉండొద్దు, తీసేయండి అనొచ్చు. చిన్నపిల్లలైతే తల్లో తండ్రో అడగొచ్చు. మెట్లు ఎక్కగానే ఉన్న అంగీకారాల గదిలో ఒక అమ్మాయి కూర్చుంటుంది, ఆ అమ్మాయి దగ్గర సంతకం పెడితే గులాబీరంగు కాగితం నాకు వస్తుంది. కాగితం రాగానే ఆ గొట్టాలు తీసి, ఎర్రమూత పెట్టెలో ముప్పై రోజులు విడిగా ఉంచాలి. మనుషులు కోపంలో సంతకం పెడతారు, బాధలో పెడతారు, తర్వాత మనసు మార్చుకుంటారేమోనని ఆ గడువు. ముప్పై రోజులూ గడిచాకే ఆవిరి యంత్రంలో వేసి నాశనం చెయ్యాలి.

నేను ఉంచేదాన్ని కాదు. కాగితం వచ్చిన పూటే పని అయిపోయేది.

దానికో కారణం ఉంది. తొమ్మిదేళ్ళ కిందట తనిఖీకి వచ్చినవాళ్ళకి ఎర్రమూత పెట్టెలో ముప్పై నాలుగు రోజుల గొట్టం ఒకటి దొరికింది. నాలుగు రోజులు, అంతే. పెద్దసారు, అంటే మా కింది గదులన్నిటికీ అధికారి, నన్ను అందరి ముందూ నిలబెట్టి కడిగేశారు. కడిగే పని మా పక్కగదివాళ్ళది, ఆ రోజు మాత్రం ఆయనే చేశారు. అప్పటినుంచి నాకు ఆ పెట్టెలో ఏదైనా ఉందంటే కంట్లో నలుసు పడ్డట్టుండేది. ఆలస్యం అమృతం విషం అని మా నాన్న అనేవాడు, నేను ఆ మాట పట్టుకున్నాను. మనసు మార్చుకుని వెనక్కి వచ్చినవాళ్ళని అప్పటిదాకా నేను చూడనే లేదు. అప్పట్నుంచి ప్రతి ఏడూ తనిఖీవాళ్ళు ఆ పెట్టె ఖాళీగా ఉందా అని మాత్రమే చూసి 'పెండింగు లేదు' అని రాసి వెళ్ళారు. ఆవిరి యంత్రం నడిపే బాబాయి, అసలు బాబాయి కాదు, అందరం అలా పిలుస్తాం, రిజిస్టరులో రెండో సంతకం ఆయనది. తేదీ చూసేవాడు కాదు, నా ముఖం చూసి పెట్టేసేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం గులాబీ కాగితం వచ్చింది. ఐదేళ్ళ పాప. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు. పాప పోయి ఎనిమిది నెలలైంది. రక్తం నాలుగు గొట్టాలు, కండముక్క ఒకటి. సంతకం పెట్టింది తండ్రి, అద్దాలు కోసే పని. కాగితం మీద వేలిముద్రంత రక్తపు మరక కూడా ఉంది, వేలికి కొత్తగా గాయమైనట్టుంది.

ఆయన ఎందుకొచ్చాడో అంగీకారాల అమ్మాయి తర్వాత చెప్పింది. మా ఉత్తరాల విభాగం నుంచి వాళ్ళింటికి ఉత్తరం వెళ్ళింది. దాని మీద ఏనుగు బొమ్మ. 'పాపా, మళ్ళీ మా దగ్గరికి ఎప్పుడొస్తావు? ఈసారి వస్తే రంగుపెన్సిళ్ళు ఇస్తాం' అని ఉంది. పాప పోయిందని ఆస్పత్రి పట్టీలో ఉంది, మా పట్టీలో లేదు, కంప్యూటరు తన పని తాను చేసుకుపోయింది. ఆయన ఆ ఉత్తరం బల్ల మీద పెట్టి, మా పాపది ఏమీ మీ దగ్గర ఉండటానికి వీల్లేదు అన్నాడట. అరవలేదట. అరిస్తే బాగుండేదని ఆ అమ్మాయి అంది.

రెండూ పదికి ఆయన సంతకం పెట్టాడు. మూడూ నలభైకి, గొట్టాలు ఆవిరి యంత్రంలోకి వెళ్ళిపోయాక, నేను రిజిస్టరులో టైము రాసి గీత గీశాను. సోమవారానికి ఎందుకు మిగల్చడం అనుకున్నాను. చేతులు కడుక్కుని టీ తాగాను.

పన్నెండో రోజు, బుధవారం, ఆయన మళ్ళీ వచ్చాడు.

అంగీకారాల అమ్మాయి కిందికి ఫోన్ చేసి, "పిన్నీ, ఆ అద్దాలాయన వచ్చారు. సంతకం వెనక్కి తీసుకుంటారంట. పన్నెండు రోజులే గదా అయింది, పెట్టె పైకి తెస్తారా?" అంది. ఆ గొంతులో సంతోషం ఉంది. ఎవరికైనా సంతోషంగా చెప్పే మాట ఆ పిల్లకి ఆ ఉద్యోగంలో దొరకడం తక్కువ.

ఎందుకంట అని అడిగాను.

చెప్పింది. ఆయన భార్యకి మూడో నెల. సంతకం పెట్టిన ఐదో రోజున ఆస్పత్రికి వెళ్తే అక్కడి డాక్టరు చెప్పిందట, మొదటి పాప జబ్బు ఈ బిడ్డకీ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పాప నమూనా ఉంటే, ఏ లోపం వల్ల వచ్చిందో పట్టుకుని, ఈ బిడ్డకి ఉందో లేదో కడుపులో ఉండగానే చెప్పొచ్చు. అది లేకుండా తల్లిదండ్రుల రక్తంతోనే వెతకడమంటే చీకట్లో తడుముకున్నట్టే, కడుపు నిలుపుకోవాలో వద్దో తేల్చుకునే గడువులోపు తేలకపోవచ్చు. ఆస్పత్రివాళ్ళ దగ్గర ఉన్నదంతా ఎప్పుడో మాకే పంపేశారు. మా పైవాళ్ళు ఇంకా దాన్ని పరీక్షించలేదు, పాప వంతు రాలేదు.

నేను ఫోన్ పెట్టేసి పెద్దసారు గదికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన తిట్టలేదు. తిట్టకపోయేసరికి నాకు ఇంకా భయమేసింది. లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"ఆయనే సంతకం పెట్టాడు గదా?"

"పెట్టాడు సార్."

"ఆయన అడిగిందే మనం చేశాం. ప్రక్రియ పూర్తయిందని చెప్పండి. తేదీలూ టైములూ ఆయనకెందుకు? వచ్చే నెల తనిఖీ ఉంది, మీకూ ఇంకో ఆరేళ్ళు సర్వీసుంది." తర్వాత గొంతు తగ్గించి, "రిజిస్టరు బయటివాళ్ళకి చూపించకూడదని మీకు తెలుసుగా, చూపిస్తే ఉద్యోగం ఉండదు" అన్నారు.

తెలుసు సార్ అన్నాను. ఆయన ఆ మాట అనగానే నా గుండెమీద బరువు దిగింది. దాచేదేముంది, ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేసేది ఆ ఊపిరి గురించే.

అద్దాలాయన అంగీకారాల గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ముప్పై ఐదు దాటవు. చేతుల నిండా సన్నటి పాత గాట్లు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, నేనేదో ఇవ్వడానికి వచ్చానన్నట్టు.

"ప్రక్రియ పూర్తయిపోయిందండి" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. అంగీకారాల అమ్మాయికి అర్థమైంది, తల వంచుకుని కీబోర్డు చూస్తూ ఉండిపోయింది.

"అంటే లేదాండీ?"

"లేదండి."

"ఎప్పుడైందండీ?"

అప్పుడు చెప్పొచ్చు. రెండు ముక్కలు, శుక్రవారమే అని. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి, "ఈమధ్యే" అన్నాను.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "పోయిన బుధవారమే మా ఆవిడ చెప్పిందండీ, రేపే వెళ్ళండి అని. ఒక స్కూలుకి కిటికీలు ఒప్పుకున్నాను. ముప్పై రోజులున్నాయి గదా, ఇది అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. అసలు మొదట్లోనే వద్దంది. పాపది ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట ఉండనివ్వండి, మీకేం అడ్డు అంది. నేనే వినలేదు." చేతుల్లోకి చూసుకుంటూ, "వారం ఆలస్యం చేశానండీ. వారం" అన్నాడు.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఆయన లేచి, ఇద్దరికీ దణ్ణం పెట్టి, "మీరేం చేస్తారులెండి, నేను చెప్పిందే చేశారు" అని వెళ్ళిపోయాడు.

ఇంట్లో నాకు తోడు మా ఆడపడుచు. మా ఆయన పోయాక ఆవిడ నాతోనే ఉంటోంది. ఇద్దరం కత్తులు నూరుకుంటూనే ఒకరికొకరం బతుకుతున్నాం. ఆ సాయంత్రం కంచంలో చెయ్యి కదలకపోతే, ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడ దగ్గర నేను ఏదీ దాచలేను, దాచినా కనిపెట్టేస్తుంది.

"అయితే వాళ్ళాయన వారం ఆలస్యం చేశాడని ఆ పిల్ల ఇప్పుడు వాణ్ణి కాల్చుకు తింటూ ఉంటుంది" అంది.

"ఉంటుందేమో."

"వాడూ తనే తప్పు చేశాననుకుంటాడు."

"అవును వదినా."

"నీ నెత్తిన ఉండాల్సింది తీసి వాడి నెత్తిన పెట్టొచ్చావు. ఇంక ఆ కంచం ముందు కూర్చుని ఏం లాభం, లే."

నేను లేచాను. ఆవిడ నా కంచం తీసేసి, కాసేపటికి తనే మళ్ళీ పెట్టి తీసుకొచ్చింది. తినమని మాత్రం అనలేదు.

మర్నాటినుంచి నేను వెతకడం మొదలుపెట్టాను. ఐదు గొట్టాలు నాశనం చేశాను, నా చేత్తోనే. కానీ పాప నమూనా వచ్చిన రోజు ఎవరైనా ఆరో గొట్టంలో పోశారేమో. ఎవరైనా కుర్రాడు పైకి తీసుకెళ్ళి, తిరిగిచ్చేటప్పుడు పక్క పెట్టెలో పెట్టాడేమో. అంకె తప్పు రాసిందేమైనా ఉందేమో. పాప నమూనా ఉన్న ఫ్రీజరు, దాని పక్కవి రెండు, ఆ నెలలో వచ్చిన పెట్టెలన్నీ తీసి చూశాను. మందపాటి చేతితొడుగులతో అంకెలు తిప్పి చూడటం కుదరక సన్నవి వేసుకున్నాను. వేళ్ళు మొద్దుబారిపోయేవి. వేడినీళ్ళలో ముంచుకుని వచ్చి మళ్ళీ చేతులు పెట్టేదాన్ని. ఆవిరి బాబాయి వచ్చి చూసి, ఏం వెతుకుతున్నావని అడగకుండా రెండో తలుపు దగ్గర నిలబడి పెట్టెలు అందించాడు. ఆయనకీ తెలుసు. ఆయన సంతకమూ ఉంది అందులో.

పాతిక మంది కొత్త కుర్రాళ్ళు వచ్చి పోయే చోట, ఎక్కడో ఒకచోట పొరపాటు ఉండకపోతుందా అని ఆశ. ఇరవై ఆరేళ్ళు ఎవరు తప్పు పెట్టినా వెనకాలే వెళ్ళి సర్దిన మనిషిని నేను. ఒక్క గొట్టం, ఎప్పుడో ఒక్కసారి, నేను కూడా అందరిలా అజాగ్రత్తగా ఉండి ఉంటే బాగుండేదని మొదటిసారి కోరుకున్నాను. ఎనిమిది రోజులు వెతికాను. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

ఆ మరుసటి సోమవారం పొద్దున ఒకావిడ మా గది కిటికీ దగ్గరికి వచ్చింది. సన్నటి మనిషి, ముఖంలో నిద్ర లేదు. మెట్ల దగ్గర గార్డుని ఏం చెప్పి దాటుకొచ్చిందో తెలియదు. పాప పేరు చెప్పింది. నేనే వాళ్ళమ్మని అంది.

లోపలికి రమ్మని స్టూలు వేశాను. కూర్చోలేదు. ఫ్రీజర్ల వరస చూసింది. "ఇందులో ఎక్కడుండేది?" అని అడిగింది.

చూపించాను. పధ్నాలుగో నంబరు, మూడో అర. ఆవిడ దగ్గరికి వెళ్ళి తలుపు మీద అరచెయ్యి ఆనించి, తీసేసింది.

"మీరు నాకొక్క మాట చెప్పాలండీ" అంది. "మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. వారం లేటు చేశాను, ఆలోపే అయిపోయింది అన్నారు. నేను ఆయనతో మాట్లాడి పన్నెండు రోజులైంది. ఒకే ఇంట్లో ఉండి, ఒకే గదిలో పడుకుని. ఆయన పనికి కూడా సరిగ్గా వెళ్ళట్లేదు, చెయ్యి జారి మొన్న పెద్ద అద్దం పగిలింది. నాకు తెలుసుకోవాలనుంది. నేను చెప్పిన మర్నాడే, ఆ గురువారం ఆయన వచ్చుంటే దొరికేదా?"

నేను బల్ల మీదున్న చేతితొడుగులు మడిచి పక్కన పెట్టాను.

"దొరికేదంటే చెప్పండి, పర్వాలేదు. దొరికేదంటే నేనిక ఆయన్ని క్షమించలేను, అంతే. కానీ తెలియకుండా ఇలా ఉండలేకపోతున్నాను."

పెద్దసారు మాట గుర్తొచ్చింది. ఆరేళ్ళ సర్వీసు గుర్తొచ్చింది, ఇంటద్దె, మా వదిన మందులు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. గొప్ప మనసుతో చేశానని చెప్పుకోను. ఆవిడ ఎదురుగా నిలబడి ఉండగా ఇంకో అబద్ధం నా నోటికి రాలేదు, అంతే. బల్ల సొరుగు లాగి రిజిస్టరు తీశాను. ఆ పేజీ తెరిచి ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడ వేలు పెట్టి చదివింది. తేదీ చదివింది. టైము రెండుసార్లు చదివింది.

"మూడూ నలభై" అంది. "ఆ శుక్రవారమేనా?"

"ఆ శుక్రవారమే."

"మూడూ నలభైకి ఆయన ఇంకా మీ గేటు ముందు బస్టాపులోనే ఉన్నారు. సంతకం పెట్టి బయటికొచ్చాక కాళ్ళు రాలేదంట. సాయంత్రం దాకా బస్సులన్నీ వదిలేసి కూర్చున్నానని చెప్పారు." పేజీ మీంచి కళ్ళెత్తింది. "ముప్పై రోజులు ఉంచుతామని ఆ అమ్మాయి చెప్పిందంట గదా?"

"ఉంచాలమ్మా. నేను ఉంచలేదు."

"ఎందుకని?"

"తనిఖీకి భయపడి. మిగలకుండా చేస్తానని పేరు తెచ్చుకుని. ఎవరూ మళ్ళీ రారనుకున్నాను." పేజీ చివర ఉన్న నా సంతకం వేలితో చూపించాను. "మీ ఆయన తప్పు ఏమీ లేదు. ఆ రోజే వెనక్కి తిరిగి వచ్చినా నేను ఇవ్వగలిగేదాన్ని కాదు. ఆయన అడిగినప్పుడు చెప్పకుండా దాచాను. అదీ నా తప్పే."

ఆవిడ నన్ను ఏమైనా అంటుందని ఎదురుచూశాను. అనలేదు. అప్పుడు స్టూలు మీద కూర్చుని, ఫోన్ తీసి, ఆయనకి చేసింది. ఫ్రీజర్ల మోతకి వినపడదని స్పీకరు పెట్టి గట్టిగా మాట్లాడింది.

"ఏమండీ, నేనే. మీరు మర్నాడొచ్చినా లేదంట. ఆ శుక్రవారమే చేసేశారంట, మీరు బస్టాపులో ఉండగానే. ఇక్కడ రాసి ఉంది, నేను చూశాను."

అవతలి నుంచి ఆయన గొంతు, చిన్నగా, నా దాకా వచ్చింది. "అయితే నేను ఆలస్యం చెయ్యలేదా?"

"చెయ్యలేదు."

ఆయన మళ్ళీ అదే అడిగాడు. ఆవిడ మళ్ళీ అదే చెప్పింది, ఈసారి మెల్లగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. ఇంటికి వచ్చేస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. వాళ్ళిద్దరి మధ్యా నేను పెట్టిన బరువు దిగిందని తెలిసింది నాకు. దానికి ఒక్క క్షణం సంతోషించాను కూడా.

ఆవిడ లేచింది కానీ తలుపు వైపు వెళ్ళలేదు.

"డాక్టరు ఈ శుక్రవారం లోగా చెప్పమన్నారు" అంది. "ఉంచుకోవాలో వద్దో. దాటితే ఇంక చెయ్యనన్నారు. నాలుగింట ఒకటి అంటే ఎక్కువా, తక్కువా? మా పాప నడవడం మానేసిన రోజు నుంచీ నేను చూశాను. మళ్ళీ చూడగలనా అంటే చూడలేను. వద్దనుకుని, ఆ బిడ్డ మంచిదే అయ్యుంటే అదీ తట్టుకోలేను. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఇలాంటివి ఎన్నో చూసుంటారు. మీరు చెప్పండి. ఏం చెయ్యమంటారు?"

దెప్పిపొడవడానికి అడగలేదు. నాకు తెలిసి ఉంటుందనే అడిగింది. నేను రిజిస్టరు మూసి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ జవాబు కోసం అలాగే చూస్తూ ఉంది.